నీరు మరిగినప్పుడు తెగేది

జూన్ 9

గువ్వను పంపించాను.

"తీసుకెళ్ళారు" అని రాసి కొట్టేశాను. అలా రాస్తే ఎవరి మీదో నేరం మోపినట్టుంటుంది. వదినగారు, మా ఆవిడ అక్కగారు, పొద్దున్నే కారులో వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే మంచినీళ్ళు తాగి, చెప్పాల్సింది చెప్పారు. అందులో తప్పేమీ లేదు. మా ఆవిడ, గువ్వ తల్లి, ఉన్నన్నాళ్ళూ ఒక లెక్క. ఇప్పుడు ఆమె లేదు. పదిహేనేళ్ళ ఆడపిల్ల, కన్నతండ్రి కాని మగవాడితో ఒక్కతే ఒక ఇంట్లో ఉంటే నలుగురికీ ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఈ మాట నా మొహం చూస్తూ అనలేక కిటికీకేసి చూస్తూ అన్నారావిడ. ఆపాటి మొహమాటమైనా ఉన్నందుకు సంతోషించాను.

సరేనన్నాను. గువ్వ తన గది గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. పుస్తకాల సంచీ జిప్పు ఇరుక్కుంటే దాన్ని సరిచేస్తూ కూర్చున్నాను. అది అంత తేలిగ్గా రాలేదు.

పిల్ల మంచి కోసమే. అక్కడ స్కూలు కూడా మంచిదట.

జూన్ 10

రెండు గ్లాసుల బియ్యం కడిగేశాను. రాత్రికి కూడా అదే తింటే సరిపోతుంది.

జూన్ 18

ఫ్యాక్టరీలో కొత్త జిగురు పరీక్షకు వచ్చింది. ల్యాబులో నా పని ఇదే. రెండు అల్యూమినియం రేకుల చివర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి అతికిస్తాను, గట్టిపడ్డాక యంత్రం కోరల్లో బిగించి అతుకు ఊడేదాకా లాగిస్తాను. ఊడాక అసలు పని మొదలవుతుంది. జిగురు రెండు రేకులకూ మిగిలి ఉంటే జిగురే మధ్యలో చీలిందని అర్థం. ఒక రేకు అద్దంలా శుభ్రంగా వచ్చేస్తే జిగురు దాన్ని అసలు పట్టుకోనే లేదు, ఇన్నాళ్ళూ ఊరికే ఆనుకుని ఉందంతే. ఇవాళ అన్నీ అద్దంలాగే వచ్చాయి. రేకులు సరిగ్గా తుడిచారా అని ఇన్‌ఛార్జి మేడమ్ అడిగారు. తుడవలేదు. ధ్యాస లేదు.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. వదినగారు ఎత్తారు. గువ్వ స్నానం చేస్తోందన్నారు.

జూన్ 19

మళ్ళీ చేశాను. నిద్రపోతోందట.

జూలై 2

ఇవాళ వదినగారే చేశారు. ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సు. రోగులతో మాట్లాడీ మాట్లాడీ కాబోలు, కష్టమైన మాట కూడా మెత్తగా చెబుతారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా గువ్వ ఆ పూట అన్నం సరిగ్గా తినడం లేదట. కొత్త చోట కుదురుకోవాలంటే కొన్నాళ్ళు ఫోన్లు తగ్గించడం మంచిదట. "మీరు అర్థం చేసుకుంటారని చెబుతున్నాను" అన్నారు.

అర్థం చేసుకున్నాను. నేను అందరికీ అర్థం చేసుకునే మనిషినే.

ఆ పిల్ల ఊయల్లో ఉండగానే వాళ్ళ నాన్న పోయాడు. నేను వాళ్ళమ్మను పెళ్ళి చేసుకునేనాటికి ఒకటో తరగతి. మొదటిరోజు నన్నేమని పిలవాలని వాళ్ళమ్మను గుసగుసగా అడిగింది. "బాబాయ్ అను" అంది ఆమె. అప్పట్నుంచీ బాబాయ్‌నే. నాకు ఆ పిలుపు చాలు. నాన్న అనిపించుకోవాలని నాకెప్పుడూ లేదు.

ఎప్పుడూ అంటే, ఎప్పుడో ఒకటి రెండుసార్లు.

జూలై 16

ఫోన్ చేయలేదు.

జూలై 27

చేయలేదు. గువ్వ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది. ఎవరూ లేని గదిలో ఫ్యాను ఎందుకు వేశానో నాకే తెలియదు.

ఆగస్టు 4

గువ్వ ఫోన్ చేసింది!

ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. అందుకే కదా వాళ్ళమ్మ గువ్వ అని ముద్దుపేరు పెట్టింది. సంగతేమిటంటే, పరీక్షలో కెమిస్ట్రీ పోయిందట. రసాయన బంధం పాఠం ఒక్క ముక్క ఎక్కలేదట. కొత్త స్కూల్లో సారు వేగంగా చెప్పేస్తాడట. పెద్దమ్మ ఒప్పుకుంది, ఆదివారం పొద్దున నువ్వు ఫోన్లో చెబుతావా అని అడిగింది.

"పాఠం ఒక్కటేనా, మిగతావి కూడానా?" అన్నాను.

"ముందు ఇది కానీ బాబాయ్. ఇదే కొరకరాని కొయ్యలా ఉంది."

తర్వాత వదినగారు ఫోన్ తీసుకుని, చదువు కోసం కాబట్టి ఫరవాలేదన్నారు.

పిల్ల పరీక్ష పోయిందంటే బాధపడాలి. అన్నం రెండోసారి వడ్డించుకు తిన్నాను.

ఆగస్టు 11

వారమంతా ఈ పాఠమే చదివాను. డిగ్రీ తర్వాత ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు. వంటింటి డబ్బాలన్నీ బల్లమీద పేర్చి, వీడియో కాల్ కోసం ఫోను నీళ్ళ సీసాకు ఆనించి పెట్టుకున్నాను.

ఉప్పుతో మొదలుపెట్టాను. సోడియం దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ, క్లోరిన్‌కు ఒకటి తక్కువ. సోడియం ఇచ్చేస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది. ఇచ్చినదానికి ధనావేశం, పుచ్చుకున్నదానికి రుణావేశం. అందుకని రెండూ ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. అది అయానిక బంధం.

గువ్వ చాలాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుంది. తర్వాత, "అయితే సోడియం ఇచ్చేసి వెళ్ళిపోదన్నమాట. ఇచ్చాక పక్కనే ఉంటుంది. అంతే కదా బాబాయ్?" అంది.

సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి, మళ్ళీ అడగమన్నాను. మళ్ళీ అడగలేదు.

ఆగస్టు 18

ఇవాళ నీళ్ళు. ఒక నీటి అణువులో ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా పంచుకుంటాయి. అది సమయోజనీయ బంధం, గట్టిది. ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య ఇంకోటి ఉంటుంది, హైడ్రోజన్ బంధం. అది దానికంటే చాలా బలహీనమైంది. కానీ అవి లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి నీళ్ళు అంత తొందరగా ఆవిరి కావు.

"నీళ్ళు మరిగినప్పుడు ఏ బంధం తెగుతుంది?" అని అడిగింది.

అణువుల మధ్య ఉన్నదే తెగుతుందని చెప్పాను. లోపలిది తెగదు. ఆవిరి కూడా నీరే.

సెప్టెంబర్ 1

ఈ ఆదివారం ప్రయోగం. అటు గువ్వ, ఇటు నేను, ఇద్దరం చెరో పొయ్యి దగ్గర. స్టీలు చెంచాలో పంచదార వేసి వేడి చేస్తే కరిగి, ఎర్రబడి, నల్లబడి పొగ వచ్చింది. ఇంకో చెంచాలో ఉప్పు చిటపటలాడింది గానీ ఎంతసేపు పెట్టినా కరగలేదు. ఉప్పులో ధనావేశం, రుణావేశం ఉన్న కణాలు నలువైపులా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి, వాటిని విడదీయాలంటే మన పొయ్యి మంట చాలదని చెప్పాను. ఆ తర్వాత ఉప్పు నీళ్ళలో బ్యాటరీ తీగలు ముంచితే చిన్న బల్బు వెలిగింది. పంచదార నీళ్ళలో వెలగలేదు.

ఇంతలో ఫోనులో వదినగారి గొంతు వినిపించింది. మాడిన చెంచా ఆవిడ పెళ్ళినాటిదట. గువ్వ నాలుక కరుచుకుంది. నేను ఫోను వెనక దాక్కున్నాను, ఆవిడ అక్కడినుంచి నన్నేదో చేస్తారన్నట్టు. కాసేపటికి ఆవిడే ఫోనులోకి తొంగి చూసి, "పంచదార నీళ్ళలో ఎందుకు వెలగదండీ?" అని అడిగారు.

చెప్పాను. పంచదార అణువులు నీళ్ళలో కరిగినా విడిపోయి ఆవేశం ఉన్న కణాలుగా మారవని. ఆవిడ శ్రద్ధగా విన్నారు. రోగులకు ఎక్కించే సెలైన్ ఉప్పు నీళ్ళే కదా అన్నారు. అవునన్నాను. గువ్వ ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి నవ్వుతోంది. నవ్వినప్పుడు దాని ఎడమ బుగ్గ వాళ్ళమ్మ బుగ్గలాగే సొట్టపడుతుంది. వదినగారు కూడా అదే చూస్తున్నారు.

ఇల్లంతా మాడు వాసన. కిటికీలు తెరవలేదు.

సెప్టెంబర్ 15

నీళ్ళు మరిగితే ఏ బంధం తెగుతుందని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను, ఈసారి బొమ్మ గీసి.

సెప్టెంబర్ 29

మంచు నీళ్ళ మీద ఎందుకు తేలుతుందో చెప్పాను. గడ్డకట్టినప్పుడు హైడ్రోజన్ బంధాలు అణువుల్ని ఒకదానికొకటి కాస్త ఎడంగా నిలబెట్టి పట్టుకుంటాయి, అందుకే మంచు తేలికవుతుంది. ఎడంగా ఉన్నా పట్టు పోదు.

ఈ వాక్యం చెబుతూ నేనే ఆగిపోయాను. పాఠం వేరు, మన గొడవ వేరు. ప్రతిదానికీ పోలికలు వెతుక్కోవడం పనిలేనివాళ్ళ పని.

పాఠం నిజానికి రెండు వారాల్లో అయిపోవాలి. వజ్రం, గ్రాఫైట్ మిగిలాయి. వజ్రం ఒక వారం, గ్రాఫైట్ ఒక వారం చెప్పొచ్చు. తొందరేముంది? పునాది గట్టిగా ఉండాలి కదా.

అక్టోబర్ 13

వజ్రం.

అక్టోబర్ 20

వజ్రమే. ఇంకా కొంచెం ఉంది.

అక్టోబర్ 27

నీళ్ళు మరిగితే ఏమవుతుందని మూడోసారి అడిగింది. నాకు విసుగు రాలేదు. రాకపోగా, ఈ పిల్లకు ఈ ఒక్క ప్రశ్న ఎప్పటికీ అర్థం కాకుండా ఉంటే బాగుండునని అనిపించింది. ఇలా అనుకునేవాడిని ఎవరైనా పంతులని అంటారా?

నవంబర్ 10

ఆదివారం. ఫోన్ రాలేదు. పది గంటలదాకా చూసి నేనే చేశాను. వదినగారు ఎత్తారు.

ఆవిడ నిన్న స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళారట. కెమిస్ట్రీ సారు దగ్గర, పిల్ల ఇప్పుడైనా కాస్త మెరుగుపడిందా అని అడిగారట. ఆయన తెల్లబోయాడట. మొదటినుంచీ క్లాసులో గువ్వదే మొదటి స్థానం. జూలైలో ఆ పాఠం మిగతా పిల్లలకు అర్థం కాకపోతే, నీళ్ళు మరిగినప్పుడు ఏ బంధం తెగుతుందో ఏది తెగదో గువ్వనే బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించాడట.

"మీ ఇద్దరూ కలిసి నాటకం ఆడారు" అన్నారు వదినగారు. మెత్తదనం లేదు గొంతులో. "అబద్ధం చెప్పడం ఎక్కడ నేర్చుకుంటుంది పిల్ల? నేను వద్దన్నానా చదువు?"

నాకు తెలియదని చెప్పాను. నమ్మలేదు. ఇక ఆదివారాలు వద్దన్నారు.

ఫోన్ పెట్టేశాక బాధపడాల్సింది. పడ్డాను కూడా. కానీ అంతకుముందు ఒక్క క్షణం, కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ నడిచాను, నవ్వొస్తోంది. జూలైలోనే వచ్చునట దానికి. అన్నీ వచ్చునట. వచ్చి కూడా నా దగ్గర మొద్దులా కూర్చుని మూడుసార్లు అడిగింది.

నవంబర్ 13

నవ్వు పోయింది.

ఆ పిల్ల నాతో మాట్లాడటానికి అబద్ధం ఆడాల్సి వచ్చింది. అంత దూరం తెచ్చింది ఎవరు? వదినగారు కాదు.

నవంబర్ 15

మేడమ్‌ను సెలవు అడిగాను. ఎందుకని అడిగితే, ఊరికే అనబోయి, మా అమ్మాయిని చూడాలన్నాను. "మీకు అమ్మాయి ఉందా?" అన్నారావిడ. ఇన్నేళ్ళుగా ఒకే ల్యాబులో ఉన్నాం. ఒక్కసారీ చెప్పలేదు కాబోలు.

నవంబర్ 17

వెళ్ళి వచ్చాను. బస్సులో వస్తూ దారంతా దీన్ని ఎలా రాయాలా అనుకున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

వదినగారి ఇల్లు చిన్నది, చాలా శుభ్రంగా ఉంది. ఆవిడ భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. గోడ మీద అక్కచెల్లెళ్ళిద్దరి ఫోటో ఉంది, రెండు జడలతో. నన్ను చూసి ఆవిడ ఆశ్చర్యపోలేదు. కూర్చోమన్నారు. గువ్వ లోపలినుంచి వచ్చి ఎదురుగా నిలబడింది. కాస్త పొడుగైంది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

ముందు వదినగారికి క్షమాపణ చెప్పాను. అబద్ధం తప్పేనని గువ్వతో కూడా అన్నాను. నీ మంచి కోసమే పెద్దమ్మ ఇదంతా చేస్తోందని, నేనూ నీ మంచి కోరే ఒప్పుకున్నానని, బస్సులో అనుకున్న మాటలన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను.

గువ్వ నన్ను మధ్యలో ఆపింది. అరవలేదు. దాని గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"నా మంచి ఏదో నన్నడిగావా బాబాయ్? ఆ రోజు పెద్దమ్మ అడిగితే నువ్వు సరేనన్నావు. ఒక్కసారి కూడా వద్దనలేదు. నువ్వు వద్దంటావని నేను గుమ్మంలో నిలబడ్డాను. నువ్వేమో జిప్పు బాగుచేసుకుంటూ కూర్చున్నావు. అమ్మ పోయింది కదా, ఇంక ఈ పిల్లతో నాకేం పని అనుకున్నావని అనుకున్నాను."

ఇన్ని నెలలు నేను త్యాగం చేశాననుకుంటున్నాను. అటువైపు అది ఇలా వినిపించిందని నాకు తట్టనే లేదు.

"మరి ఫోన్ ఎందుకు చేశావు?" అన్నాను చివరికి.

"చెక్ చేద్దామని" అంది. కళ్ళు తుడుచుకుని, "విసుక్కుంటావేమో చూద్దామనుకున్నాను. మూడోసారి కూడా విసుక్కోలేదు నువ్వు."

అప్పుడు వదినగారి వైపు తిరిగాను. ఆ మాట అనడానికి నాకు ఎందుకంత సిగ్గేసిందో తెలియదు. ఏదో దొంగతనంగా అడుగుతున్నట్టు అనిపించింది.

"నాకు గువ్వ కావాలి వదినగారూ."

ఆవిడ చీర చెంగు మడతలు పెడుతూ కూర్చున్నారు.

"నాక్కూడా కావాలి" అన్నారు. "లోకం ఏమంటుందోనని తెచ్చుకున్నానని మీతో చెప్పాను. అదొక్కటే కాదు. మీ పెళ్ళికి నేను రాలేదు. దాంతో అలక, పంతం, అలా అలా మా చెల్లెలితో ఏళ్ళు పోగొట్టుకున్నాను. ఇప్పుడు పొద్దున్నే ఈ పిల్ల జుట్టు విరబోసుకుని ఆ గదిలోంచి వస్తుంటే నాకు ఊపిరాడదు. మళ్ళీ మా చెల్లెలే వచ్చిందనిపిస్తుంది. ఎలా పంపమంటారు?"

ఆవిడది కూడా నా రోగమే. గువ్వ మా ఇద్దరి మధ్య నిలబడి ఒకసారి ఆవిడనూ ఒకసారి నన్నూ చూసింది. అది ఎవరివైపు వెళ్ళినా ఇంకొకరు చచ్చిపోతారన్నట్టు ఉంది దాని మొహం. ఆ మొహం చూశాక ఇంక ఆలోచించాల్సిందేమీ లేకపోయింది.

"నేనే ఇక్కడికి వచ్చేస్తాను" అన్నాను.

డిసెంబర్ 5

వదినగారి ఊళ్ళో ప్లైవుడ్ మిల్లు ఉంది. చెక్కపొరలు అతికించే జిగురు పరీక్షించడానికి మనిషి కావాలట. మేడమ్ క్లాస్‌మేట్ అక్కడ మేనేజరు, మేడమే మాట్లాడి పెట్టారు. ఈ మాట చెప్పి, "అమ్మాయి ఫోటో ఉందా?" అని అడిగారు. చూపించాను. ల్యాబులో అందరికీ చూపించాను.

డిసెంబర్ 28

ఇల్లు ఖాళీ చేశాను. మా ఆవిడ బట్టలు ఇన్నాళ్ళూ బీరువాలో అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ మడతపెట్టి పెట్టెలో పెట్టాను. ఒక చీర దగ్గర చాలాసేపైంది. నీ కూతురి దగ్గరికి వెళ్తున్నానని పైకే చెప్పాను. ఖాళీ ఇంట్లో గొంతు మారుమోగుతుంది.

జనవరి 12

సైకిల్ షాపు మీద ఒకే గది. వదినగారి ఇంటికి రెండు వీధులవతల. పగలంతా కింద సుత్తి మోత. చెక్క జిగురు నాకు కొత్త. రేకుకూ చెక్కకూ చాలా తేడా ఉంది, చెక్క తాగేస్తుంది. నేర్చుకుంటున్నాను.

గువ్వ స్కూలు అయ్యాక వస్తుంది. వదినగారు రెండు షరతులు పెట్టారు. చీకటి పడకముందే ఇంటికి రావాలి. పిల్ల ఉన్నంతసేపూ తలుపు బార్లా తెరిచి ఉంచాలి. ఆ రెండోది విన్నప్పుడు చెంప మీద కొట్టినట్టయింది. సరేనన్నాను. కానీ ఈసారి, నాకు బాధగా ఉందని కూడా అన్నాను. ఆవిడ తల దించుకున్నారు, మాట మాత్రం మార్చలేదు.

జనవరి 30

వచ్చిన గంట తెలియదు, వెళ్ళాక గంట గడవదు. అది వీధి మలుపు తిరిగేదాకా మెట్ల మీద నిలబడతాను. దగ్గరికొస్తే బెంగ తీరుతుందనుకున్నాను. ఇప్పుడు రోజూ ఒకసారి వెళ్ళిపోతోంది.

ఫిబ్రవరి 8

పరీక్షలు దగ్గర పడ్డాయి. గువ్వ ఇవాళ పుస్తకం తెరిచి, చదువుతూ చదువుతూ చాప మీదే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు పడుకున్నట్టే. తలుపు బార్లా తెరిచి ఉంది. బయట వెలుతురు తగ్గుతోంది. లేపాలి. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అనుకుంటూ కూర్చున్నాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వదినగారు. డ్యూటీ నుంచి ఇంటికొచ్చి వెంటనే బయల్దేరినట్టున్నారు, తెల్ల కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. చీకటి పడుతోంది కదా, పిల్ల రాలేదని కంగారుపడి ఉంటారు. గబుక్కున లేచి గువ్వను తట్టబోయాను.

"లేపకండి" అన్నారు.

లోపలికి వచ్చి, గోడకు చేరగిలబడి చాప పక్కన కూర్చున్నారు. పిల్ల మొహం మీద పడ్డ జుట్టు వేలితో తీశారు. మా ఆవిడ కూడా పరీక్షల ముందు ఇలాగే పుస్తకం మీద పడి నిద్రపోయేదట. అక్కగా తనే దీపం ఆర్పేవారట. ఆమె చిన్నతనం సంగతి ఒకటి నాతో ఆవిడ చెప్పడం ఇదే మొదలు. నేను ఇంకా అడిగాను. ఆవిడ ఇంకా చెప్పారు.

చలిగాలి వచ్చి పుస్తకం పేజీలు తిరగేసింది. గువ్వ నిద్రలోనే ముడుచుకుంది. వదినగారు లేచి వెళ్ళి తలుపు మూశారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు.